ఉరుముల వానలో గైగర్ రీడింగ్ పెరుగుతోంది: మబ్బులోంచి వచ్చే గామానేనా?

సాగరతీరం:
ఎస్‌బీఎం-20 ట్యూబుతో కట్టిన గైగర్ కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కపెట్టే పరికరం) విశాఖలో డాబా మీద ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. మామూలుగా నిమిషానికి 20–22 కౌంట్లు. మే నెల ఉరుముల వానల్లో 30 దాటుతోంది. వాన వెలిసిన గంటా గంటన్నరకు మళ్లీ మామూలుకు దిగుతోంది. ఇది కాక, మెరిసిన క్షణంలో ఒక్కోసారి ఐదారు కౌంట్లు గుంపుగా పడుతున్నాయి. ఉరుము మబ్బులు గామా కిరణాలు పుట్టిస్తాయని చదివాను. ఇది అదేనా? కాకపోతే అసలుదాన్ని పట్టుకోవడానికి ఏం మార్చాలి?

కణవీధి:
ముందు ఆ నెమ్మదిగా ఎక్కి దిగే సంగతి చూద్దాం. అది రేడాన్ అండీ. నేలలోంచి వెలువడే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు క్షయించి సీసం-214, బిస్మత్-214 అవుతుంది. ఇవి గాలిలోని ధూళికి అంటుకుని తేలుతుంటాయి. వాన వాటిని కడిగి మీ డాబా మీద పోస్తుంది. మొదటిదాని అర్ధాయువు (సగం క్షయించడానికి పట్టే సమయం) సుమారు 27 నిమిషాలు, రెండోదానిది 20. వాన ఆగిన గంటన్నరకు రీడింగ్ దిగడానికి కారణం ఇదే.

తేల్చుకోవడం తేలిక. ఉరుముల్లేని వాన వచ్చినప్పుడు చూడండి. అప్పుడూ ఇలాగే పెరిగితే మబ్బులోని విద్యుత్తుకు దీనితో సంబంధం లేనట్టే. ఆ వానలోనే, తడిసిన కారు బానెట్‌ను ఒక టిష్యూతో పూర్తిగా తుడిచి, మడిచి, పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి ట్యూబుకు ఆనించండి. రీడింగ్ స్పష్టంగా ఎగబాకి, అరగంటకోసారి సగం చొప్పున తగ్గాలి. పిడుగులు పడే వానలో మాత్రం డాబా ఎక్కకండి.

ఇంకో మాట. ఒక్క నిమిషం లెక్కలో 22కి బదులు 30 వచ్చిందంటే పెద్ద విశేషమేమీ కాదు, 22 కౌంట్లలో సహజంగానే దాదాపు 5 అటూ ఇటూ ఊగుతుంది. పది నిమిషాలు కలిపి చూడండి: 220 దగ్గర ఊగు 15 మాత్రమే, కాబట్టి 300 వస్తే నమ్మొచ్చు.

సోల్డర్ పొగ:
మెరుపుతో పాటు పడే గుంపు కౌంట్లు నూటికి తొంభై పాళ్లు ఎలక్ట్రికల్ నాయిస్. ఎస్‌బీఎం-20 ఒక కౌంట్ ఇచ్చాక మళ్లీ కోలుకోవడానికి 190 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. పల్సుల మధ్య వ్యవధిని మైక్రోసెకన్లలో లాగ్ చెయ్యండి. ఒకే మెరుపు దగ్గర 20, 50 మైక్రోసెకన్ల ఎడంతో పల్సులు కనిపిస్తే అవి ట్యూబు ఇచ్చినవి కావు, ట్యూబుకు 400 వోల్టులు ఇచ్చే కన్వర్టరో పొడుగు వైరో పట్టుకున్నవి.

పక్కనే అచ్చం అలాంటి సర్క్యూటే ఇంకోటి కట్టండి, ట్యూబు స్థానంలో హై వోల్టేజికి తట్టుకునే చిన్న కెపాసిటర్ పెట్టండి. అది మోగిన క్షణంలో అసలుది ఏం చూపించినా కొట్టెయ్యాలి. ప్లాస్టిక్ డబ్బా మానేసి అల్యూమినియం డబ్బా వాడండి. మెయిన్స్ అడాప్టర్ వద్దు, బ్యాటరీ మేలు. విశాఖ తేమకు ట్యూబు కొసల మీద చెమ్మ పట్టి హై వోల్టేజి లీకైనా దొంగ కౌంట్లు వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డబ్బాలో సిలికా జెల్ వెయ్యండి.

కణవీధి:
ఇక మబ్బులోది. వేగంగా పోయే ఎలక్ట్రాన్‌ను గాలి అంతగా ఆపలేదని, బలమైన విద్యుత్ క్షేత్రంలో అది అంతకంతకూ వేగం పుంజుకోగలదని భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1925లోనే చెప్పాడు. సముద్ర మట్టపు గాలిలో దీనికి మీటరుకు సుమారు 284 కిలోవోల్టులు చాలు. మామూలు స్పార్కుకు కావలసిన దానిలో ఇది పదోవంతు. ఆరు కిలోమీటర్ల ఎత్తున గాలి పల్చన కాబట్టి అందులోనూ సగంతో సరిపోతుంది. విశ్వకిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే కణాలు) విత్తనంగా ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తే, అది గాలి అణువులను ఢీకొని మరిన్నింటిని లేపుతుంది. ఆ గుంపు గాలిలో వంగి, ఆగే క్రమంలో గామా కిరణాలు పుడతాయి. వాటి శక్తి 20 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దాటుతుంది.

ఇందులో మూడు రకాలను వేరుగా చూడాలి. నిమిషాల తరబడి ఉండే గామా గ్లో ఒకటి. మిల్లీసెకను లోపే ముగిసే గామా మెరుపు రెండోది, దీన్ని అంతరిక్ష గామా కిరణాలను చూసే కాంప్టన్ ఉపగ్రహం చూసిందని 1994లో ప్రకటించారు. మూడోది పిడుగు దిగే దారి చివర పుట్టే ఎక్స్‌రేలు, ఇవి కొన్ని వందల మీటర్లకు మించి రావు.

మీ చోట చిక్కల్లా ఎత్తు. 10 ఎంఈవీ గామా కూడా కింది గాలిలో ప్రతి 400 మీటర్లకు దాదాపు మూడోవంతుకు పడిపోతుంది. మన వేసవి మబ్బుల్లో బలమైన క్షేత్రం సాధారణంగా ఐదారు కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి నేలకు చేరేది శూన్యంతో సమానం. జపాన్ పడమటి తీరంలో చలికాలపు ఉరుము మబ్బులు కొన్ని వందల మీటర్ల ఎత్తునే ఉంటాయి, అందుకే అక్కడి వాళ్లకు ఈ గామా కిరణాలు నేల మీదే దొరుకుతాయి. 2017 ఫిబ్రవరి 6న కషివజాకి దగ్గర పడిన పిడుగు గామా కిరణాలు గాలిలోని నైట్రోజన్ కేంద్రకం నుంచి న్యూట్రాన్‌ను ఊడగొట్టాయి. దానివల్ల పుట్టిన నైట్రోజన్-13 నుంచి వచ్చే పాజిట్రాన్ల (ధనావేశపు ఎలక్ట్రాన్ల) 511 కేఈవీ గీత, అంటే ఆ ఒక్క శక్తి దగ్గర లేచే శిఖరం (వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ), నేల మీది డిటెక్టర్లలో స్పష్టంగా కనిపించింది.

మన దేశంలో ఊటీలోని విశ్వకిరణాల ప్రయోగం గ్రేప్స్-3 వేరే దారి పట్టింది. 2014 డిసెంబరు 1 నాటి మబ్బు కింద మ్యుయాన్ల (విశ్వకిరణాల వల్ల పుట్టి నేలకు దిగే కణాల) లెక్క తగ్గడాన్ని బట్టి, ఆ మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నట్టు లెక్కకట్టారు.

సాగరతీరం:
రేడాన్, నాయిస్ అర్థమయ్యాయి. అరకులో పెడితే ఏమన్నా లాభమా? డిటెక్టర్ ఎలాంటిది కావాలి?

సోల్డర్ పొగ:
అరకు ఎత్తు 900 మీటర్ల చిల్లర, దానితో పెద్దగా తేడా రాదు. ఆర్మేనియాలో అరగట్స్ కొండ మీద 3200 మీటర్ల దగ్గర ఇలాంటి డిటెక్టర్లు పెట్టారు. అయినా మబ్బు నేలకు ఆనే రోజు కొండల్లో రావచ్చు కాబట్టి ప్రయత్నించడంలో తప్పు లేదు.

గైగర్‌తో ఈ పని కాదు, దానికి శక్తి తెలియదు. నేలలోని సహజ రేడియోధార్మికత గామా 2.6 ఎంఈవీ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి 3 ఎంఈవీ పైన పెరిగితేనే రేడాన్ కాదని చెప్పగలరు. భీమిలి వైపు థోరియం ఉండే మోనజైట్ ఇసుక ఉన్న చోటా ఈ 3 ఎంఈవీ హద్దు పనికొస్తుంది.

సీజియం అయొడైడ్ (థాలియం కలిపినది) 5×5×15 సెంటీమీటర్ల స్ఫటికం తీసుకోండి, గామా తగిలితే అది మిణుకుమంటుంది. సోడియం అయొడైడ్ ఈ తేమలో సీలు కాస్త తప్పినా పాడవుతుంది. ఒక చివర ఆప్టికల్ గ్రీజుతో సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ (ఆ వెలుగును పట్టే సెన్సర్), మిగతా అంతా తెల్ల టెఫ్లాన్ టేపు, దాని మీద నల్ల టేపు రెండు చుట్లు. 12 బిట్ల ఏడీసీని (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పును) 0–30 ఎంఈవీకి సర్దితే ఒక్కో చానెల్‌కు దాదాపు 7 కేఈవీ వస్తుంది. లెక్కపెట్టే కిటికీ 3 నుంచి 20 ఎంఈవీ. నిలువుగా దిగే మ్యుయాన్ 5 సెంటీమీటర్లలో 25–30 ఎంఈవీ వదులుతుంది కాబట్టి పై హద్దు పెడితే చాలా మ్యుయాన్లు తప్పుకుంటాయి.

కాలిబ్రేషన్‌కు ఎరువుల షాపులో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఒక కిలో పక్కన పెడితే పొటాషియం-40 గీత 1461 కేఈవీ దగ్గర లేస్తుంది. 2615 థోరియం గీత బ్యాక్‌గ్రౌండ్‌లోనే కనిపిస్తుంది.

ఎక్కువమంది పడిపోయేది వేడి దగ్గర. ఎండకు 55 డిగ్రీలకు కాలిన డబ్బా వానకు 30కి దిగుతుంది. ఈ సెన్సర్‌లో డిగ్రీ తగ్గితే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఒక శాతానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. 25 డిగ్రీలకు 20 శాతం అనుకుంటే, 2615 గీత 3100 దాటి మీ కిటికీలోకి వచ్చేస్తుంది. సరిగ్గా వాన మొదలైన వేళ కాబట్టి అచ్చం గామా గ్లో లాగే ఉంటుంది! పొటాషియం గీతను బట్టి సాఫ్ట్‌వేర్‌తో సరిచేద్దామంటే, అది కూడా జరిగి 1750 దగ్గర కూర్చుంటుంది. అక్కడే వానలోని బిస్మత్-214 గీత 1764 ఉంది, ప్రోగ్రాం దేన్ని పట్టుకుందో తెలియదు. అందుకని డీఎస్18బీ20 థర్మామీటర్‌ను సెన్సర్ వెనకే అతికించి, ఆ వేడిని బట్టి సెన్సర్‌కిచ్చే బయాస్ వోల్టేజిని మార్చండి. గీతతో సరిచేయడం ఆ తర్వాత.

సెకనుకో లెక్క చొప్పున జీపీఎస్ టైముతో రికార్డు చెయ్యండి, పిడుగుల వేళలు దామిని అనే పిడుగు హెచ్చరికల యాప్‌లో చూసి సరిపోల్చుకోవచ్చు. నిజమైన గ్లో అయితే 3 ఎంఈవీ కింద, పైన రెండు చోట్లా ఒకేసారి లేస్తుంది. రెండు మూడు నిమిషాలు ఉండి, చాలాసార్లు ఒక మెరుపుతో టక్కున తెగిపోతుంది. రేడాన్ అలా ఎప్పుడూ తెగదు.