అండమాన్ ద్వీపాంతరం ఉరికంటే మేలైన శిక్షేనా?

పాతపటం:
పోయిన నెల పోర్ట్‌బ్లెయిర్ వెళ్లొచ్చాం. సెల్యులార్ జైలు చూశాం, రాత్రి లైట్ షో కూడా. అక్కడ వినేవన్నీ వింటే అండమాన్ శిక్షల చరిత్ర ఆ జైలుతోనే మొదలైందనిపిస్తుంది. నిజానికి దాన్ని కట్టడం మొదలుపెట్టింది 1896లో, పూర్తయింది 1906లో. 1857 సిపాయిల తిరుగుబాటులో దొరికినవాళ్లతో ఖైదీల మొదటి ఓడ వచ్చింది 1858 మార్చి 10న. అంటే దాదాపు నలభై ఏళ్లు అక్కడ ఆ జైలే లేదు.

మరి అన్నాళ్లూ ఏం చేశారు? అడవి కొట్టారు, ఊరు కట్టారు. కొన్నేళ్లు గొడవ లేకుండా గడిపినవాడికి సొంతంగా సాగు చేసుకునే వీలిచ్చారు. పెళ్లిళ్లు కూడా జరిగాయి. షాదీపూర్ అనే పేటకి ఆ పేరు అలాగే వచ్చిందంటారు. అదే 1858లో ఇక్కడ, దేశంలో, తిరగబడ్డవాళ్లని ఫిరంగి నోటికి కట్టి పేల్చేస్తున్నారు. వాటితో పోలిస్తే ద్వీపాంతరం మేలు కాదా? నాకైతే మేలే అనిపిస్తోంది. కాదంటే చెప్పండి, వింటాను.

ఉప్పునీళ్లు:
పాతపటం గారూ, మీరు చెప్పే సాగూ పెళ్లిళ్లూ తర్వాత వచ్చిన ముచ్చట్లు. మొదటి మూడు నెలల లెక్క చూడండి.

సెమిరామిస్ అనే ఓడలో 200 మందిని వెంటపెట్టుకుని దిగినాయన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్. అంతకుముందు ఆగ్రా జైలు సూపరింటెండెంట్. తర్వాత ఇంకొన్ని ఓడలొచ్చి జూన్ మధ్యకి మొత్తం 773 మంది అయ్యారు. వాళ్లలో ఆసుపత్రిలో పోయినవాళ్లు 64. పారిపోయి దొరకనివాళ్లు 140. ఆత్మహత్య ఒకటి. పారిపోయినందుకు ఉరి తీసింది 87 మందిని. మిగిలింది 481. అంటే వంద రోజులు తిరక్కుండా ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ముగ్గురు లెక్కలోంచి పోయారు.

ఆ 87లో 86 ఉరులు ఒకే రోజువి. కలకత్తాలో ఉన్న సర్కారే ఇదేం పని అని తప్పుపట్టి ఇక ఆపమంది. కంపెనీ పెద్దలకే మింగుడుపడలేదంటే ఆలోచించండి. ఉరికంటే మేలన్నారు కదా, ఉరి వాళ్ల వెనకాలే ఓడెక్కి వచ్చింది.

పాతపటం:
87 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ అది వాకర్ చేసిన ఘోరం. 1859 అక్టోబరుకల్లా ఆయన వెళ్లిపోయాడు, తర్వాత వచ్చిన కెప్టెన్ హాటన్ పట్టు సడలించాడు. ఒకడి కర్కశత్వాన్ని శిక్ష మొత్తానికి పూయకూడదు.

గోదారిగట్టు:
సావర్కర్ గురించి ఎవరూ మాట్లాడరేం?

ఉప్పునీళ్లు:
ఆయన వెళ్లింది 1911లో బాబూ. ఈ థ్రెడ్ అంతకు యాభై ఏళ్ల ముందు మాట.

పాతపటం గారూ, వాకర్ ఒక్కడిదే తప్పంటే నేనొప్పుకోను. 1789లోనే అక్కడ ఒకసారి కాలనీ పెట్టి, రోగాలు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. అది తెలిసే మళ్లీ పంపారు. ఓడలకి రేవు కావాలి, అడవి కొట్టే చేతులు కావాలి. ఉరి తీస్తే కూలి చేసేదెవరు? పైగా సముద్రం దాటితే కులం పోతుందని భయపడే సిపాయిలకి 'కాలాపానీ' అన్న మాటే సగం శిక్ష. ఆ భయం తెల్లదొరలకి బాగా తెలుసు.

కోఠిబస్టాపు:
మన వైపు మనిషి ఒకరున్నారు, చెప్పనివ్వండి. 1857 జులై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ మీద, అంటే తర్వాత కోఠి విమెన్స్ కాలేజీ అయిన భవనం మీద, దాడి చేసినవాళ్ల ముందు ఇద్దరు నడిచారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని, చివరికి కాల్పుల్లో చచ్చిపోయాడు. మౌల్వీ అలావుద్దీన్‌కి యావజ్జీవ ద్వీపాంతరం పడింది. 1859లో అండమాన్ పంపారు. తిరిగి రాలేదు, అక్కడే పోయాడు. తుర్రేబాజ్ పేరు మీద కోఠిలో రోడ్డుంది. మౌల్వీ పేరు అడిగితే మా ఫ్రెండ్స్‌లో ఒక్కడికి తెలియలేదు. పాతపటం గారి లెక్కన ఇద్దరిలో మేలు జరిగింది మౌల్వీకే. నాకు మాత్రం ఎటూ తేలట్లేదు.

రాస్‌దీవి:
నేను పోర్ట్‌బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగాను. ముందే చెప్పేస్తున్నా, మావాళ్లు ఖైదీలు కారు. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం నుంచి పనికి వచ్చినవాళ్లు. 2011 లెక్కల్లో ఇక్కడి జనాభాలో తెలుగువాళ్లు 13 శాతం పైనే. అయినా పెళ్లిళ్లకి ఊరెళ్తే 'మీ తాత ఏం చేసి అక్కడికెళ్లాడ్రా' అని ఎవరో ఒకరు అడక్క మానరు.

ఖైదీల సంతతిని ఇక్కడ లోకల్ బోర్న్ అంటాం. మా పక్కింటివాళ్లు వాళ్లే. ఇంట్లో హిందుస్తానీ. మూడు తరాల పైన ఏ ఊరో, ఏ కులమో వాళ్లకే తెలియదు. ఆ ఇంటి పెద్దాయనని అడిగితే పాతపటం గారి మాటే అంటాడు: 'పంపబట్టే కదా మేం ఉన్నాం.' నేను ఆయనతో వాదించను.

మీరెవరూ దూధ్‌నాథ్ తివారీ ఊసెత్తలేదు. 14వ పటాలం సిపాయి. 1858 ఏప్రిల్ 23న తొంభై మంది దాకా కలిసి రాస్ దీవి నుంచి తెప్పల మీద పారిపోయారు. ఉత్తరంగా పది రోజులు నడిస్తే బర్మా రాజు పట్నం వస్తుందని ఎవరో చెప్పారట! చుట్టూ సముద్రమని తెలియదు. దారిలో అక్కడి ఆదివాసులైన అండమానీల బాణాలకి దాదాపు అందరూ పోయారు. గాయాలతో మిగిలిన దూధ్‌నాథ్‌ని వాళ్లే చేరదీశారు. గుండు గీసి, ఒంటికి మట్టి పూసి, తమతో తిప్పుకున్నారు. పెళ్లీ చేశారు. భార్య లీపా గర్భవతిగా ఉండగానే, 1859 మేలో వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ స్థావరం మీద దాడికి బయల్దేరితే, కాస్త ముందు పరుగెత్తుకొచ్చి దొరలకి చెప్పేశాడు. విల్లంబులు ఓడిపోయాయి. ఆయనకి క్షమాభిక్ష దొరికింది.

ఉప్పునీళ్లు:
అన్నం పెట్టిన చేతినే కరిచాడు. ఇంకేమనాలి?

రాస్‌దీవి:
ఒడ్డున ఉన్న ఖైదీలు కూడా ఆయనవాళ్లే కదండీ. దాడిలో వాళ్లూ పోయేవాళ్లు. నాకు ఆయన మీద కోపం కంటే లీపా ఏమైందోనన్న బెంగే ఎక్కువ.

అసలు ఈ థ్రెడ్ మొత్తం ఉరా, ద్వీపాంతరమా అని ఖైదీల వైపు నుంచే తూచుతోంది. అది ఎవరి దీవి? వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కకి 625 మంది. మధ్యలో 1877లో తట్టు వచ్చి ఊళ్లకి ఊళ్లు తుడిచేసింది. ఆ రోగాలు కూడా ఓడల్లో వచ్చినవే.

పాతపటం:
ఈ వైపు నుంచి నేను ఆలోచించలేదండీ. ఖైదీ వరకు ఇప్పటికీ నా మాట నాదే, బతికి ఉండటం మేలు. కానీ ప్రశ్నలో 'ఎవరికి' అన్న ముక్క పెట్టాల్సింది. అబర్డీన్ యుద్ధానికి గుర్తు ఏమైనా ఉందా అక్కడ? మాకెవరూ చూపించలేదు.

రాస్‌దీవి:
ఉంది. వాటర్ స్పోర్ట్స్ దగ్గర, చిన్న స్మారకం. మీరు బోటు టికెట్ కోసం నిలబడి ఉంటారు చూడండి, దానికి దగ్గర్లోనే. రేపు వాన లేకపోతే ఫొటో తీసి ఇక్కడ పెడతాను.