రూట్ ఫైల్‌సిస్టమ్‌ను లేబుల్‌తో గుర్తించాలా, యూయూఐడీతోనా?

అలిపిరి వాసి:
తిరుపతిలోని ఒక కళాశాల ల్యాబ్‌లో, పేర్లన్నీ ఒక పద్ధతిగా ఉండాలని, ఒక లినక్స్ కంప్యూటర్ రూట్ (సిస్టమ్ ఫైళ్లన్నిటికీ మూలమైన ఫైల్‌సిస్టమ్) లేబుల్‌ను, అంటే దానికి పెట్టిన పేరును, ఇ2లేబుల్ ఆదేశంతో మార్చారు. ఆదేశం ఏ హెచ్చరికా ఇవ్వలేదు, కంప్యూటర్ కూడా యథావిధిగా నడిచింది. తరువాతెప్పుడో కరెంటు పోయి వచ్చాక మాత్రం, పాత లేబుల్ ఉన్న డిస్కు లేదంటూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ దొరికేదాకా నడిచే తాత్కాలిక వ్యవస్థ) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే బూట్‌ను మొదలుపెట్టే గ్రబ్ ప్రోగ్రామ్ కెర్నల్‌కు (లినక్స్ మూలభాగానికి) అందించే వరుసలో ఇంకా పాత పేరే ఉంది. మార్పుకూ లోపానికీ మధ్య ఇంత ఎడం రావడం వల్లే అక్కడివారు మొదట డిస్కును, కేబుల్‌ను అనుమానించారు. మనిషి చదువుకోవడానికి పెట్టుకున్న పేరు మీద బూట్ ఆధారపడటం సరికాదని, రూట్‌కు యూయూఐడీనే (ఫార్మాట్ చేసినప్పుడు ఫైల్‌సిస్టమ్‌కు దానంతటదే వచ్చే గుర్తింపు సంఖ్య) వాడాలని నా అభిప్రాయం.

చిత్తూరు సర్వర్ నిర్వాహకుడు:
మీతో ఏకీభవించలేను. యూయూఐడీని కూడా ట్యూన్2ఎఫ్‌ఎస్ ఆదేశంతో మార్చవచ్చు, పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే అది మామూలుగా మారిపోతుంది. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి బ్యాకప్‌ను పునరుద్ధరించేటప్పుడు, పాత లేబుల్‌నే ఇస్తే ఎఫ్‌స్టాబ్‌లోని (ఏ ఫైల్‌సిస్టమ్‌ను ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) ఆ వరుసను ముట్టుకోనక్కరలేదు. క్లౌడ్ సర్వర్ల కోసం సిద్ధం చేసిన ఉబుంటు ఇమేజ్‌ల ఎఫ్‌స్టాబ్‌లోనూ రూట్‌కు లేబులే ఉంటుంది. అర్ధరాత్రి రెస్క్యూ తెర మీద 36 అక్షరాల యూయూఐడీని తప్పు లేకుండా టైపు చేయవలసి వచ్చినవారికి లేబుల్ విలువ వేరే చెప్పనక్కరలేదు. ల్యాబ్‌లో తప్పు లేబుల్‌ది కాదు, దాన్ని ఎక్కడెక్కడ వాడారో చూడకుండా మార్చడంలో ఉంది.

తిరుచానూరు విద్యార్థి:
అయ్యా, డీడీ ఆదేశంతో డిస్కును నకలు చేస్తే లేబుల్, యూయూఐడీ రెండూ ఒకటే వస్తాయి కదా? ఆ రెండు డిస్కులూ ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తే ఏది రూట్ అవుతుందో నమ్మకంగా చెప్పలేం.

అలిపిరి వాసి:
నిజమే, నకలు తీసిన వెంటనే యూయూఐడీ మార్చి, రీబూట్‌కు ముందే గ్రబ్‌నూ ఎఫ్‌స్టాబ్‌నూ సరిచేయాలి. పునరుద్ధరణ విషయంలో చిత్తూరు మిత్రులు చెప్పినదాన్నీ ఒప్పుకుంటున్నాను. అయితే చూడముచ్చటగా ఉండాలని యూయూఐడీని ఎవరూ మార్చరు. లేబుల్‌ను మార్చడానికి డిస్కు సాధనాల్లో పెట్టె సిద్ధంగా ఉంటుంది, అనేకమంది విద్యార్థులకు అడ్మిన్ హక్కులున్న ల్యాబ్‌లో ఈ తేడా చిన్నది కాదు. ఒక్కరే చూసుకునే సర్వర్‌లో లేబుల్ వాడుకోవచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవారు గ్రబ్ మెనూలో ‘ఇ’ మీట నొక్కి, లినక్స్ వరుసలో రూట్ విలువను కొత్త లేబుల్‌కు మార్చి, కంట్రోల్-ఎక్స్ నొక్కితే సాధారణంగా ఆ ఒక్కసారికి బూట్ అవుతుంది. ఆ మార్పు నిలవదు కాబట్టి, లోపలికి వెళ్లగానే బీఎల్‌కేఐడీ ఆదేశంతో అసలు విలువ చూసుకొని, ఎఫ్‌స్టాబ్‌ను సరిదిద్ది, గ్రబ్ కాన్ఫిగరేషన్‌ను మళ్లీ తయారు చేసుకోవాలి.