ప్రపోజల్‌లో "ఏ రకం పరిశోధన" అని అడిగారు, ఏం రాయాలి?

కవిటి కుర్రాడు (ఇంకా ఊళ్లోనే)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయింది. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ బై రీసెర్చ్‌కి సీటు వచ్చింది, వచ్చే నెల బయల్దేరుతున్నాను. మా ఉద్దానం ప్రాంతంలో ఉన్న కిడ్నీ జబ్బు మీద పని చేయాలని నా కోరిక, మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు. సూపర్‌వైజర్ రెండు పేజీల ప్రపోజల్ అడిగారు. మౌలిక పరిశోధనా (జ్ఞానం కోసం చేసేది), అనువర్తిత పరిశోధనా (ఒక అవసరం తీర్చడానికి చేసేది), అన్వేషణాత్మకమా, వర్ణనాత్మకమా, వివరణాత్మకమా చెప్పాలట. నెట్‌లో ఒక్కోచోట ఒక్కో లిస్టు ఉంది. ఏది రాస్తే మంచిది? అలాగే యూనివర్సిటీ దగ్గర రూము దొరుకుతుందా?

పలాస – మెల్‌బోర్న్

తమ్ముడూ, చాలా సంతోషం. నేను పబ్లిక్ హెల్త్‌లో ఉన్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు రకం పేరు వెతకడం ఆపు. నీ ప్రశ్న ఏమిటో తేల్చుకో, రకం దాని వెనకే వస్తుంది. ఇక్కడికి వచ్చే మనవాళ్లలో చాలామంది సమాచారం పోగేయడాన్నే పరిశోధన అనుకుంటారు. పది పేపర్లు చదివి సారాంశం రాస్తే అది మంచి చదువు, అంతవరకే. పరిశోధనకు ఏ లక్షణాలుండాలో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) వాళ్ల ఫ్రాస్కాటీ మాన్యువల్‌లో ఐదు చెప్పారు. కొత్త విషయం తేలాలి, అందులో సొంత ఆలోచన ఉండాలి, ఫలితం ముందే తెలిసి ఉండకూడదు, పద్ధతి ప్రకారం సాగాలి, ఇంకొకరు అదే దారిలో వెళ్లి సరిచూసుకోగలగాలి. 1963లో మొదలైన ఈ మాన్యువల్‌నే ఇప్పటికీ చాలా దేశాలు ప్రమాణంగా తీసుకుంటున్నాయి.

ఇప్పుడు ఉద్దానానికి వద్దాం. షుగరూ బీపీ లేని రైతులకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో ఒంట్లో నీరు తగ్గడం, తాగే నీళ్లు, పురుగుమందులు, నొప్పి బిళ్లలు ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఇదీ అని ఒక్క కారణం ఇంకా రుజువు కాలేదు. ఏ మండలంలో, ఏ వయసువాళ్లకు, ఏ పని చేసేవాళ్లకు ఎక్కువగా వస్తోందని అడిగితే వర్ణనాత్మకం. ఎందుకు వస్తోందని అడిగితే వివరణాత్మకం. అసలు ఏం అడగాలో కూడా తెలియని దశలో ఊళ్లో కూర్చుని వాళ్ల మాటలు వింటే అన్వేషణాత్మకం. 2023 డిసెంబరులో ప్రారంభించిన హిరమండలం నీళ్ల పథకం వల్ల మార్పు వచ్చిందా అంటే మూల్యాంకనం. అన్నిటికీ జబ్బు ఒకటే, ప్రయోజనాలే వేరు. ప్రయోజనం మారితే ఎవర్ని కలవాలి, ఏం కొలవాలి, ఎన్నేళ్లు పడుతుంది అన్నీ మారతాయి.

కొలవడం గురించి ఒక్క మాట. మొన్న ఊరెళ్లినప్పుడు ఒక సర్వే బృందంతో జీడితోటల్లో తిరిగాను. ఫారంలో "రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతారు" అని ఉంది. ఒక పెద్దాయన "నాలుగు చెంబులమ్మా, ఎండెక్కితే ఐదు" అన్నారు. ఆ చెంబు తెప్పించి కొలపాత్రలో పోసి చూశాం. పక్కింటి చెంబు దానికి దాదాపు రెట్టింపు పట్టింది. కొలవకుండా లీటర్లు రాసేస్తే, తర్వాత ఎంత గొప్ప లెక్కలు కట్టినా అవి నిలబడవు.

బొబ్బిలి – బ్రిస్బేన్

పలాస అక్క చెప్పింది బాగుంది, కానీ అంతా అవసరాల చుట్టూనే తిరిగింది. బాబూ, మౌలిక పరిశోధనను తక్కువగా చూడకు. కిడ్నీ గొట్టాల్లో ఉండే కణాలు వేడికి ఎలా స్పందిస్తాయి అన్నది కూడా నీ అంశమే. ఈ రోజు దానివల్ల ఉద్దానంలో ఎవరికీ మందు దొరక్కపోవచ్చు, కానీ ఆ జ్ఞానం లేకపోతే రేపు మందు తయారు చేసేవాడికి ఆధారం ఉండదు. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి శ్రమించి 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన పూనుకునేదాకా రాతలో లేని భాష! జ్ఞానం కోసం జ్ఞానం అంటే అదే.

చీపురుపల్లి – సిడ్నీ

బొబ్బిలి బావా, గిడుగు వారిని నీ పక్షాన లాక్కోకు. ఆయన సవరలకు చదువు చెప్పాలనే ఆ భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. అది నూటికి నూరుపాళ్లు అనువర్తితం.

సరే, అసలు సంగతికొస్తాను. తమ్ముడూ, ఏ రకమైనా రాసుకో, ముందు ఎథిక్స్ అనుమతి (పాల్గొనేవాళ్లకు హాని జరగదని చూసి కమిటీ ఇచ్చే ఆమోదం) గురించి ఆలోచించు. దాని గురించి ఎవరూ చెప్పరు. నా పీహెచ్‌డీ విజయనగరం వైపు జూట్ మిల్లు కార్మికుల కుటుంబాల మీద. పూర్తిగా గుణాత్మకం, అంటే ఇంటర్వ్యూలే. ఫారం నింపి మా ఎథిక్స్ ఆఫీసుకి పంపాను. ప్రతి ఒక్కరి సంతకం ఉండాలన్నారు. మా పెద్దవాళ్లలో చాలామంది వేలిముద్ర వేస్తారని రాస్తే, వేలిముద్ర చెల్లదన్నారు. సమ్మతి పత్రం తెలుగులో ఇస్తే, సర్టిఫైడ్ అనువాదకుడి ముద్ర కావాలన్నారు. అది తెచ్చేసరికి నా ఫైలు చూసే ఆవిడ వేరే విభాగానికి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన మొదటి నుంచీ ప్రశ్నలు మొదలెట్టారు. పాత మెయిళ్లన్నీ పంపితే, అవి తమ సిస్టంలో కనబడటం లేదన్నారు. స్కాలర్‌షిప్ గడియారం మాత్రం ఆగలేదు. ఆ టెన్షన్‌లో నిద్ర పట్టేది కాదు. చివరికి మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ ఇక్కడి జాతీయ మార్గదర్శకాలు తెరిచి, నోటిమాట సమ్మతి కూడా చెల్లుతుందని చూపించారు. సాక్షి ఎదుట రికార్డు చేస్తే చాలని అప్పుడు ఒప్పుకున్నారు. ఆ మాట మొదటి రోజే వాళ్లకు తెలిసి ఉండాల్సింది. పేదవాడి ఇంటికెళ్లి కాగితం మీద సంతకం పెట్టమంటే ఆయన భయపడతాడు, భూమి కాగితమేమో అనుకుంటాడు. ఆ మనిషిని కాపాడటానికి పెట్టిన నియమం ఆ మనిషినే దూరం చేసింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నియమాలు వద్దని నేనను. 1932 నుంచి 1972 దాకా అమెరికాలో టస్కీగీ దగ్గర నల్లజాతి రైతులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా పరిశోధన పేరుతో చూస్తూ కూర్చున్నారు. అలాంటివి జరిగాయి కాబట్టే ఈ కమిటీలు పుట్టాయి. నువ్వు రక్తం నమూనాలు మెల్‌బోర్న్‌కి తేవాలనుకుంటే ఇక్కడి కమిటీ ఒక్కటే చాలదు. మన దేశంలో ఎథిక్స్ కమిటీ అనుమతి, విదేశీ సహకారంతో చేసే ఆరోగ్య పరిశోధనకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా వెళ్లే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి, రెండూ ఉండాలి. మాస్టర్స్‌కి ఉన్న సమయంలో అవన్నీ అయ్యే పని కాదు. నమూనాల జోలికి పోకు.

ఇచ్ఛాపురం – అడిలైడ్

నేను స్టాటిస్టిక్స్ మనిషిని. ఇంటర్వ్యూలు మంచివే, కానీ ఉద్దానానికి కావలసింది లెక్క. ఒక్కరోజు వెళ్లి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూసి, ఏ నీళ్లు తాగుతున్నారో అడిగితే అది క్రాస్ సెక్షనల్ సర్వే. అందులో బోరు నీళ్లకూ జబ్బుకూ సంబంధం కనిపించినా, కారణం అదేనని రాయకూడదు. జబ్బొచ్చాక నీళ్లు మార్చుకున్నవాళ్లు కూడా అందులో ఉంటారు. 1950లో లండన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్నీ, ఇతర రోగుల్నీ పోల్చి సిగరెట్ మీద వేలు పెట్టారు. అక్కడితో సరిపెట్టకుండా 1951 నుంచి వేలమంది బ్రిటిష్ డాక్టర్లను ఏళ్ల తరబడి వెంబడించారు. ముందు అలవాటు రాసుకుని, తర్వాత ఎవరికి ఏం వచ్చిందో చూశారు. అలా కాలంతో పాటు నడిచే దాన్నే కోహార్ట్ అంటారు. ఉద్దానంలో "ఎందుకు" తేలాలంటే అలాంటిది కావాలి. అది ఒక్క విద్యార్థి వల్ల కాదు.

చీపురుపల్లి – సిడ్నీ

లెక్క ఎంతమందో చెబుతుంది అన్నయ్యా. శుద్ధి చేసిన నీళ్లు గుమ్మం దాకా వచ్చినా పాత బావి నీళ్లే ఎందుకు తాగుతున్నారో ఆ ఇంట్లో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇచ్ఛాపురం – అడిలైడ్

ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో కూర్చుని విన్నది ఆ ఇంటి సంగతే, ఊరి సంగతి అని రాసేస్తేనే నాకు అభ్యంతరం. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే సగం కూడా నిలబడలేదు. అవి లెక్కలతో చేసినవే. అందుకే మరింత జాగ్రత్త అంటున్నాను.

పలాస – మెల్‌బోర్న్

మీ ఇద్దరూ చెప్పింది కలిపితే మిశ్రమ పద్ధతి అవుతుంది, ముందు సర్వే, దాని మీద కొన్ని ఇంటర్వ్యూలు. గిడుగు వారి గురించి కూడా తగవు అక్కర్లేదు. డొనాల్డ్ స్టోక్స్ అనే అమెరికన్ పండితుడు 1997లో ఇదే చర్చ చేస్తూ ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్‌ను చూపించారు. ఫ్రాన్స్‌లోని లీల్‌లో బీట్‌రూట్ సారా పాడవుతోందని ఒక వ్యాపారి వస్తే, ఆ పని చూస్తూ పాశ్చర్ సూక్ష్మజీవుల మూలాల్లోకి వెళ్లారు. అవసరం, జ్ఞానం రెండూ ఒకే పనిలో ఉండొచ్చు. గిడుగు వారిదీ అదే కోవ.

తమ్ముడూ, రూము సంగతి. దొరుకుతుంది, కానీ చూడకుండా ఊరి నుంచి డబ్బు పంపకు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో బాండ్ (అద్దె అడ్వాన్సు) డబ్బు ఇంటాయన దగ్గర ఉండకూడదు, ప్రభుత్వ బాండ్ అథారిటీలో జమ చేయాలి. రసీదు అడుగు.

బొబ్బిలి – బ్రిస్బేన్

పార్ట్‌టైమ్ పని రెండు వారాలకు 48 గంటలకు మించకూడదు, గుర్తుంచుకో బాబూ.

చీపురుపల్లి – సిడ్నీ

అది మామూలు కోర్సులవాళ్లకు బావా. మాస్టర్స్ బై రీసెర్చ్, పీహెచ్‌డీ వాళ్లకు కోర్సు మొదలయ్యాక గంటల పరిమితి లేదు. అయినా మొదటి సెమిస్టర్‌లో పనికి పోవద్దు, చదవాల్సింది చాలా ఉంటుంది.

కవిటి కుర్రాడు (ఇంకా ఊళ్లోనే)

అందరికీ ధన్యవాదాలు. "ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోంది" అని రాసింది కొట్టేశాను. ఇప్పుడిలా రాశాను: "కవిటి మండలంలో పథకం నీళ్లు వచ్చాక కూడా ఏ ఇళ్లలో ఏ నీళ్లు తాగుతున్నారు, ఎందుకు?" అనువర్తితం, ప్రధానంగా వర్ణనాత్మకం, మిశ్రమ పద్ధతి అని పెడుతున్నాను. సరేనా?

ఇచ్ఛాపురం – అడిలైడ్

ప్రశ్న బాగుంది. మండలం మొత్తం వద్దు, కొన్ని ఊళ్లు తీసుకో. ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకో, తెలిసినవాళ్ల ఇళ్లకే వెళ్లకు. ఎన్ని ఇళ్లు కావాలో లెక్క నేను వేసిపెడతాను, ఊళ్లవారీగా ఇళ్ల సంఖ్య పంపు.

పలాస – మెల్‌బోర్న్

ప్రశ్నపత్రం తెలుగులోనే తయారు చెయ్యి. ఊరు వదిలే ముందు నాలుగైదు ఇళ్లలో చెంబులు, బిందెలు కొలిచి చూసుకో. డ్రాఫ్ట్ ఆదివారం లోపు నాకు పంపు, సూపర్‌వైజర్‌కి పంపే ముందు చూస్తాను.