కౌలు రైతుని నాలుగు ప్రశ్నలడగడానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

లంకకుర్రోడు:
పీహెచ్‌డీ కోసం రాజోలు, పి.గన్నవరం వైపు కౌలు రైతుల దగ్గర సర్వే చేయాలి. పురుగుమందు కొట్టిన రోజు ఒంట్లో ఎలా ఉంటోంది, అప్పెంత, నిద్ర పడుతోందా, ఇవే ప్రశ్నలు. సార్వా మాసూళ్ళయ్యాక దాళ్వా నాట్లు పడేలోపే మనుషులు తీరిగ్గా దొరుకుతారు. మనుషుల మీద చేసే పరిశోధనల్ని ముందే చూసి అనుమతిచ్చేది ఎథిక్స్ కమిటీ కదా, ఫైలు మూడు నెలలుగా వాళ్ళ దగ్గరే ఉంది. ఇప్పుడేమో ప్రతి రైతు దగ్గరా మూడు పేజీల అంగీకార పత్రం మీద సంతకం తెమ్మంటున్నారు. నేనేమన్నా సూది గుచ్చుతానా, మందు మింగిస్తానా?

కాలవగట్టు:
అస్సలు అక్కర్లేదండీ. ఎన్నికల సర్వేల వాళ్ళు ఇంటింటికీ తిరిగి అన్నీ అడుగుతున్నారు. వాళ్ళనెవరన్నా ఆపుతున్నారా?

భద్రాద్రిగాలి:
అలా తీసిపారేయకండి. 2009లో మా ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధనలో భాగంగా 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేశారు. చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపించారు. పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, సరే. కానీ 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుబట్టిన వాటిలో ఈ సంతకాల తీరూ ఉంది.

కాలవగట్టు:
దానికీ అనుమతులు ఉన్నాయి కదా! మరి కమిటీ ఉండి ఏం ఒరిగింది?

నరసాపురంలేసు:
మా చిన్నప్పుడు బోదకాలు పరీక్ష వాళ్ళు రాత్రి పది దాటాకే వచ్చేవారు. ఆ పురుగు రాత్రిపూటే రక్తంలో తేలుతుందట. టార్చి వేసి నాయనమ్మని లేపి వేలు గుచ్చారు. ఎందుకో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అది పరిశోధన కాదు, ప్రభుత్వ కార్యక్రమం అంటారేమో. గుచ్చించుకున్న వేలికి రెండూ ఒకటేనండి.

బయటిసభ్యుడు:
నేను ఇలాంటి కమిటీలో సభ్యుణ్ణే. రిటైరైన తెలుగు మాస్టార్ని, సైన్సు రాదు. అలాంటివాళ్ళూ ఉండాలనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి. అధ్యక్షుడు ఆ సంస్థకి బయటివాడే కావాలి.

బాబూ, నీ సర్వేలో ప్రమాదం సూదితో రాదు, పేరుతో వస్తుంది. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే. 2019 పంటసాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే ఆసామి, అంటే భూమి యజమాని, సంతకం చేయాలి, ఎంతమంది చేస్తున్నారు? రైతు పేరు, పొలం, అప్పు ఒకే కాగితం మీద ఉండి అది ఆసామి కంటబడిందనుకో, వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోతుంది.

సంతకం సంగతికొస్తే నువ్వు చెప్పిందే నిజం. కాగితం మీద వేలిముద్ర అంటే మనవాళ్ళకి ప్రోనోటే గుర్తొస్తుంది. అందుకే పాల్గొనడానికి ఇష్టమే గానీ సంతకం పెట్టనన్నవాళ్ళ దగ్గర, కమిటీ ఒప్పుకుంటే, సాక్షి ఎదుట నోటిమాటగా అంగీకారం తీసుకోవచ్చు. ఆ సాక్షే సంతకం చేస్తాడు. నువ్వు అలా అడిగావా? అడక్కపోతే మూడు పేజీల ఫారమే ఇస్తారు. రిస్కు తక్కువైతే ఫైలుని ఇద్దరు ముగ్గురు సభ్యులు చూసి త్వరగా తేల్చే పద్ధతీ ఉంది. మూడు నెలలు పట్టడం మాత్రం కమిటీ తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను.

కాలవగట్టు:
సాక్షి ఎవరండీ? ఊళ్ళో చదువుకున్నవాళ్ళలో సగం మంది ఆసామి చుట్టాలే!

బయటిసభ్యుడు:
అదీ నిజమే. నేనైతే డ్వాక్రా సంఘం లీడర్‌ని అడుగుతాను. కొన్ని ఊళ్ళలో ఆవిడా ఆసామి కోడలే, ఆయ్.

లంకకుర్రోడు:
మాస్టారూ, ఇప్పుడే ఫారం తీసి చూశాను. నా మొదటి ప్రశ్నే ‘భూమి యజమాని పేరు’. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, పాత థీసిస్‌లోంచి ఎత్తేశాను. అది కొట్టేసి, పేర్ల బదులు నంబర్లు పెట్టి, నోటి అంగీకారానికి రేపే మళ్ళీ అర్జీ పెడతాను. నారుమళ్ళు మాత్రం అప్పుడే పోసేస్తున్నారు.