నబాటియన్ శాసనం ఫోటోలోంచి చదవడం: ‘ద’కీ ‘ర’కీ తేడా ఎలా పట్టాలి?

కోనసీమ శాసనం (ప్రశ్న):

ద్రాక్షారామం, పాలకొల్లు గుళ్ళలో తెలుగు శాసనాలు కూడబలుక్కుని చదువుతుంటాను. మా బావమరిది సౌదీలో, అల్ ఉలా దగ్గర పనిచేస్తున్నాడు. నబాటియన్లనే ప్రాచీన జనం పాత పట్టణం హెగ్రా అక్కడే ఉంది. అందులో కొండ తొలిచి కట్టిన సమాధుల గుమ్మాల పైన ఉన్న నబాటియన్ శాసనాలు ఫోటోలు తీసి పంపాడు. అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని చదివితే మొదటి మాటే ‘ర-న-హ’ అని వస్తోంది. ఈ శాసనాల భాష అరమాయిక్, ఆ పదకోశంలో అలాంటి మాట లేదు. పట్టికలో ‘ద’, ‘ర’ రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. తప్పు ఎక్కడ జరుగుతోంది? శాసనంలో రాసిన రాజు ఏలుబడి సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి ఎలా మార్చాలి? ఈసారి వెళ్ళినప్పుడు తడి కాగితం వేసి అచ్చు తీయమని చెప్పమంటారా?

గౌతమి పాయ:

పట్టిక తప్పు కాదండి, మీ కళ్ళ తప్పూ కాదు. ఈ లిపిలో ‘ద’, ‘ర’ చాలా శాసనాల్లో నిజంగానే ఒకే ఆకారం. అక్షరం చూసి తేల్చలేం, మాటను బట్టే తేల్చాలి. పాత తెలుగు శాసనాల్లో ఎ, ఏలకు ఒకటే గుర్తు ఉంటే మనం సందర్భాన్ని బట్టి చదువుకోవడం లేదూ? ఇదీ అంతే. మీరు చదివింది ‘ద-న-హ’. అంటే ‘ఇది’.

22 అక్షరాలూ హల్లులే. కుడి నుంచి ఎడమకు చదవాలి. దీర్ఘమైన ఊ, ఈ ఉన్నచోట ‘వ’, ‘య’ కొన్నిసార్లు వస్తాయి, మిగతా అచ్చులు మనమే పెట్టుకోవాలి. మాటల మధ్య ఖాళీ ఉంటుందని నమ్ముకోకండి. కొన్ని అక్షరాలకు మాట చివర వేరే రూపం ఉంటుంది, మాట ఎక్కడ తెగిందో అదే చెబుతుంది.

అందుకని మొదటి అక్షరం నుంచి వరసగా పోకండి. తెలిసిన మాటలు ముందు వెతకండి. హెగ్రా సమాధి శాసనం సాధారణంగా ఇలా మొదలవుతుంది: ‘ద-న-హ క-ప-ర-అ ద-య అ-బ-ద’, అంటే ‘ఫలానావారు చేయించిన సమాధి ఇది’. తర్వాత పేరు, ఆ వెంటనే ‘బ-ర’ (కొడుకు) లేదా ‘బ-ర-త’ (కూతురు), తర్వాత తండ్రి పేరు. ‘బ-ర’లో రెండక్షరాలూ తరచుగా అతుక్కుని ఒకే గుర్తులా ఉంటాయి. దాన్ని గుర్తుపట్టారంటే అటూ ఇటూ ఉన్నవి పేర్లని తేలిపోతుంది.

ఇప్పుడు ‘ద’, ‘ర’ సంగతి. వాళ్ళ పెద్ద దేవుడు దూషరా. రాసేది ‘ద-వ-శ-ర-అ’. ఇందులో మొదటిదీ నాలుగోదీ అచ్చంగా ఒకే గీత, చదివేటప్పుడు ఒకటి ‘ద’, ఒకటి ‘ర’. ‘అ-బ-ద’ కూడా అంతే. క్రియ అయితే ‘చేశాడు’, పేరులో మొదట వస్తే ‘సేవకుడు’, మన పేర్లలో ‘దాసు’ లాగన్నమాట. దాన్ని ‘అ-బ-ర’ అని చదివితే వాక్యమంతా దారి తప్పుతుంది. ఫోటో మీద కాగితం పెట్టి ఆకారం గీసుకుని, ‘ద’ అయినా ‘ర’ అయినా కావచ్చనిపించిన ప్రతిచోటా ద/ర అని రెండూ రాసుకోండి. చివరికి వచ్చేసరికి చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

శాసనం చివరి భాగం మనవాళ్ళకు బాగా తెలిసిన ధోరణే. కమ్‌కమ్ అనే ఆవిడా, ఆవిడ కూతురు కులైబత్ కలిసి చేయించిన సమాధి ఒకటుంది. దాన్ని అమ్మినవాణ్ణీ, కొన్నవాణ్ణీ, తాకట్టు పెట్టినవాణ్ణీ దూషరా, దేవతలు అల్లాత్, మనాతు శపించాలని రాయించారు. పైగా వెయ్యి సెలాల (అప్పటి నాణేల) జరిమానా. మన దానశాసనాల చివర ‘వారణాసిలో కవిలల చంపిన పాపాన పోవువారు’ అని ఉంటుందే, అదే జాగా, అదే పని. ఇలాంటి వాక్యం వచ్చిందంటే ఆస్తి హక్కు భాగంలోకి వచ్చినట్టు. ఆ సమాధి సొంతదారులు ఆడవాళ్ళే అన్న సంగతి నాకైతే శాపం కన్నా విలువైనది.

రేవు దీపం:

అచ్చు తీయొద్దండి, దయచేసి. హెగ్రా రాయి ఇసుకరాయి. తడి కాగితం వేసి కుంచెతో కొడితే పైపొర రేణువులు కాగితంతో పాటు ఊడొస్తాయి. గీత అంచు ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు. అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం కూడా, అది 2008 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్షరాలు తేలడానికి సుద్దముక్కతో దిద్దడమూ వద్దు. దిద్దినవాడు చదివిందే తర్వాత వచ్చినవాళ్ళూ చదువుతారు.

ఫోటో బాగుంటే అచ్చు అక్కర్లేదు. పొద్దున్నో సాయంత్రమో వెలుగు రాతి మీద పక్కనుంచి జారుతున్నప్పుడు తీయాలి. మిట్టమధ్యాహ్నం తీస్తే గీతలో నీడ పడదు, అక్షరం చదునుగా కనిపిస్తుంది. వెలుగు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి ఉండాలి. ఒకే వైపు నీడతో తీస్తే రాతి పగులు కూడా అక్షరం గీతలా మోసం చేస్తుంది. శాసనాలు గుమ్మం పైన ఎత్తులో ఉంటాయి కాబట్టి కింద నిలబడి తల ఎత్తి తీస్తే అక్షరాల ఎత్తు కుంచించుకుపోతుంది. వెనక్కి నడిచి, జూమ్ పెట్టి తీయమనండి. ముందు కెమెరాతో తీసిన ఫోటో కొన్ని ఫోన్లలో అద్దంలోలా తిరగబడుతుంది, దిక్కు మారితే ఈ లిపిలో మొత్తం పోయినట్టే.

కోనసీమ శాసనం:

‘ద-న-హ’ దొరికాక వరసంతా కదిలిందండి. ‘హారితత్, నబాటియన్ల రాజు, తన ప్రజలను ప్రేమించేవాడు’ అని చదివాను. సంవత్సరం 40. లెక్క చెప్పండి.

గౌతమి పాయ:

ఆ బిరుదు నాలుగో హారితత్‌ది, గ్రీకులు అరేటస్ అన్న రాజు. ఏలుబడి క్రీ.పూ. 9లో మొదలై క్రీ.శ. 40 దాకా సాగింది. పదో ఏడు మొదలుకుని ఏ ఏలుబడి సంవత్సరమైనా అందులోంచి 9 తీసేయండి: 40 అంటే క్రీ.శ. 31. తొమ్మిదో ఏడు క్రీ.పూ. 1 ప్రాంతం, మధ్యలో సున్నా సంవత్సరం లేదు, అక్కడ జాగ్రత్త. తర్వాతి రాజు మాలికు 40 నుంచి 70 దాకా, రబ్బేల్ 70 నుంచి 106 దాకా.

106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ ఆ రాజ్యాన్ని రోమ్‌లో కలిపేశాడు. అక్కడి నుంచి రాజు పేరుండదు, ‘ప్రాంతం’ సంవత్సరం ఉంటుంది. దానికి 105 కలపాలి, మనం శక సంవత్సరానికి 78 కలిపినట్టు. ఆ ఏడాది మార్చి 22న మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి ఆ తేదీ లోపు నెలలకు 106. హెగ్రాలోనే రకూష్ అనే ఆవిడ సమాధి శాసనం 162, తమ్మూజ్ నెల: 267 జులై. అందులో భాష సగం అరబిక్. అక్కడ ‘ద’ మీద చుక్క పెట్టారు, ‘ర’ నుంచి విడదీయడానికి. మీ సమస్య వాళ్ళకూ ఉందన్నమాట. సిరియాలో దొరికిన నమారా శాసనం 223, అంటే 328: లిపి నబాటియన్, భాష అరబిక్. అరబిక్ లిపి పుట్టుక ఈ దారిలోనే. ఇప్పటికీ అరబిక్‌లో ‘అమ్ర్’ అనే పేరు చివర పలకని ‘వ’ రాస్తారు చూడండి, నబాటియన్లు పేర్ల చివర పెట్టిన ‘వ’ అది.

అంకెల గుర్తుల్లో రాస్తే 1కి నిలువు గీత, 5, 10, 20, 100కు వేరువేరు గుర్తులు. 4కు కొన్నిచోట్ల అడ్డదిడ్డంగా కోసుకున్న రెండు గీతలు. దాన్ని అక్షరమనుకుని మాటలో కలిపేసే ప్రమాదం ఉంది.

తాటాకు:

టైపు చేయాలనుకుంటే: 2014లో వచ్చిన యూనికోడ్ 7.0లో ఈ లిపి ఉంది, నోటో సాన్స్ నబాటియన్ ఫాంట్ ఉచితం. మాట చివరి రూపాలు దానంతటవే మారవు, వాటికి విడి కోడ్‌లున్నాయి, మీరే ఎంచుకోవాలి. తెలుగు వాక్యం మధ్యలో పెడితే పక్కనున్న అంకెలూ కామాలూ అటూ ఇటూ గెంతుతాయి. శాసన పాఠాన్ని విడి పేరాలో, కుడి నుంచి ఎడమ దిశ పెట్టి రాసి, కింద తెలుగులో హల్లులు రాయండి. ద/ర తేలనిచోట రెండూ అలాగే ఉంచండి.