డివైడర్ పక్క లేన్ మూసినప్పుడు కోన్ల మీద ఏ లైట్లు పెట్టాలి?

నైట్‌షిఫ్ట్_సైట్:
నాలుగు వరుసల హైవే మీద రాత్రిళ్లు మిల్లింగ్ (పాత తారు పొర గీకడం), బీటీ ఓవర్‌లే (కొత్త తారు పొర వేయడం) నడుస్తోంది. డివైడర్ పక్క లేన్ మూసి బండ్లను ఎడమకు మళ్లిస్తున్నాం. వేగ పరిమితి గంటకు 80 కి.మీ. టేపర్, అంటే లేన్‌ను మెల్లగా మూస్తూ ఏటవాలుగా పెట్టిన కోన్ల వరుస, 60 మీటర్లు. ప్రతి కోన్ మీదా మామూలు పసుపు బ్లింకర్ ఉంది. అయినా లారీలు దగ్గరికొచ్చాకే సడన్ బ్రేకు వేస్తున్నాయి, తెల్లారేసరికి మొదటి నాలుగైదు కోన్లు నుజ్జయిపోతున్నాయి. ఇంకా వెలుగున్న లైట్లు తెప్పించాలా?

టేపర్175:
లోపం వెలుగులో లేదండీ, ముందు టేపర్ పొడవు చూడండి. 70 కి.మీ., ఆపై వేగాలకు అమెరికా ట్రాఫిక్ గుర్తుల మాన్యువల్ ఎంయూటీసీడీ లెక్క ఇది: లేన్ వెడల్పును వేగంతో గుణించి 1.6తో భాగించాలి. లేన్ 3.5 మీటర్లు అనుకుంటే 3.5 × 80 ÷ 1.6 = 175 మీటర్లు. మీది అందులో మూడో వంతే. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, 60 మీటర్లు దాటడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. లోడు లారీ ఆ కాస్తలో లేన్ మారలేదు. మీ ట్రాఫిక్ ప్లాన్ ఐఆర్‌సీ ఎస్‌పీ 55 (రోడ్డు పనుల చోట ట్రాఫిక్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు) ప్రకారం ఆమోదమై ఉంటుంది కాబట్టి, ఈ మార్పు ఇండిపెండెంట్ ఇంజనీర్ (పనిని పర్యవేక్షించే స్వతంత్ర ఇంజనీరు) సంతకంతోనే చేయండి.

ఇక బ్లింకర్లు. దేనికదే మిణుకుమంటుంటే దూరం నుంచి మిణుగురుల గుంపులా కనిపిస్తాయి, వరుస ఎటు వంగుతోందో డ్రైవరుకు అందదు. టేపర్ మీద సీక్వెన్షియల్ లైట్లు పెట్టండి. మొదటిదాని నుంచి చివరిదాకా ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ, ఎడమకు జరగమని దారి గీసి చూపిస్తాయి. 175 మీటర్లకు 15 మీటర్లకొకటి చొప్పున 13 సరిపోతాయి. టేపర్ అయ్యాక నేరుగా సాగే వరుసలో మిణుకు లైట్లు వద్దు, ఆరకుండా వెలిగేవే ఉండాలి.

నైట్‌షిఫ్ట్_సైట్:
సీక్వెన్షియల్ సెట్ తెస్తే మధ్యలో ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తాయా?

లైటు_బ్యాటరీ:
రకాన్ని బట్టి ఉంటుంది. పక్క లైటు నుంచి సంకేతం అందుకునే రకమైతే, ఒకటి పోయిన చోట వరుస తెగొచ్చు. కొనేముందు మధ్య లైటు ఆర్పించి చూడండి. కొన్ని రకాల్లో ఆన్ చేసిన వరుసే పరిగెత్తే వరుస. కుర్రాడు చివరి లైటు నుంచి ఆన్ చేసుకుంటూ వస్తే వెలుగు కుడికి, మూసిన లేన్‌లోకి పరిగెత్తుతుంది! అందుకే 1 నుంచి 13 దాకా పెయింటుతో అంకెలు వేయించండి. వెలిగించాక 300 మీటర్లు వెనక్కి వెళ్లి, డ్రైవర్ వచ్చే వైపు నుంచి ఒకసారి చూడాలి.

లైటు సగటున 30 మిల్లీ ఆంపియర్లు లాగితే 12 గంటలకు 360 మిల్లీ ఆంపియర్ అవర్లు కావాలి. వానాకాలంలో సోలార్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఛార్జ్ చేసిన సెట్ ఒకటి అదనంగా ఉంచుకోండి. మిల్లింగ్ దుమ్ము లెన్సు మీద పేరుకుంటే వెలుగు సగం చచ్చిపోతుంది. రెండు గంటలకోసారి తడిబట్టతో తుడిపించండి.

బాణం_బోర్డు:
యారో బోర్డు (లైట్లతో బాణం గుర్తు చూపే బోర్డు) టేపర్ మొదట్లోనే ఉండాలి. డివైడర్ పక్కన చోటు లేకపోతే మూసిన లేన్‌లో, మొదటి కోన్ల వెనకే నిలపండి. బాణం ఎడమకు, రాత్రికి వెలుగు సగానికి తగ్గించి. కోన్ మీద బరువుకు రాళ్లు వద్దు, బండి తగిలితే ఎగిరి కూలీలకు తగులుతాయి. అడుగున ఇసుక బస్తా చాలు. పరిచేటప్పుడు బండ్లు వచ్చే వైపు నుంచి మొదలుపెట్టండి, తీసేటప్పుడు పని చివరి నుంచి వెనక్కి రండి. హెచ్చరిక బోర్డులు అన్నిటికన్నా ఆఖర్న తీయాలి.