ఆఖరి 13 సెకన్లలో కవర్ జీరో: గ్రెగ్ విలియమ్స్‌ది తెగువా, తెలివితక్కువా?

ఎడిసన్_జెట్స్
అమెరికన్ ఫుట్‌బాల్‌లో మన న్యూయార్క్ జెట్స్ పాత గాయమే, మళ్ళీ కెలుకుతున్నా. 2020 డిసెంబర్ 6, మెట్‌లైఫ్ స్టేడియం. జెట్స్ 28, రైడర్స్ 24. అప్పటికి మనవాళ్లు 11 ఆడి 11 ఓడారు. 13 సెకన్లున్నాయి, బంతి మన 46 గజాల గీత మీద, థర్డ్ అండ్ 10 (నాలుగింట్లో మూడో ప్రయత్నం, ఇంకా 10 గజాలు కావాలి). డిఫెన్స్ కోఆర్డినేటర్ విలియమ్స్ కవర్ జీరో బ్లిట్జ్ కాల్ ఇచ్చాడు. కొత్తవాళ్ల కోసం: వెనక కాపలాకి సేఫ్టీ ఎవరూ ఉండరు, రిసీవర్‌కి (బంతి పట్టేవాడికి) ఒకడు చొప్పున ఉంచి మిగతా అందరూ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మీద పడతారు. డెరెక్ కార్ విసిరాడు, హెన్రీ రగ్స్ పట్టాడు, 46 గజాల టచ్‌డౌన్ (బంతితో ఎండ్ జోన్ చేరితే 6 పాయింట్లు, ఆపై కిక్‌కి ఒకటి). 31-28. మర్నాడే విలియమ్స్ ఉద్యోగం ఊడింది. రగ్స్ బంతి జారవిడిచి ఉంటే ఇదే కాల్‌ని మెచ్చుకునేవాళ్లం కాదా?

కవర్2_కృష్ణ
మెచ్చుకునేవాళ్లం కాదు అన్నా. గండం గడిచిందనుకునేవాళ్లం, అంతే. ఆధిక్యం 4 పాయింట్లు కదా, ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని తెచ్చుకునే 3 పాయింట్లు) వాళ్లకి ఎందుకూ పనికిరాదు. 15 గజాలు ఇచ్చినా, 25 ఇచ్చినా మనకి పోయేదేం లేదు. ఓడడానికి ఒకే ఒక్క దారి ఉంది, టచ్‌డౌన్. సరిగ్గా దానికే కాపలా తీసేశాడు.

పైగా ఎవరిని ఎవరి మీద వదిలాడో చూడండి. రగ్స్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) 12వ పిక్, 40 గజాలు 4.27 సెకన్లలో పరిగెత్తినవాడు. ఎదురుగా లామార్ జాక్సన్ (బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ కాదు, అదే పేరున్న మన కార్నర్, అంటే రిసీవర్‌ని కాసేవాడు). ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యని రూకీ (తొలి ఏడాది ఆటగాడు). రగ్స్ మధ్యలో మలుపు తిరుగుతున్నట్టు నటించాడు, కుర్రాడు నమ్మి అటు వాలాడు, అయిపోయింది. వెనక ఒక్క సేఫ్టీ ఉండుంటే ఆ తప్పు ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు.

రష్_రాంబాబు
అందరూ వెనక్కెళ్లి నిలబడితే గెలిచేసినట్టేనా? 2022 జనవరి, బఫెలో బిల్స్-కాన్సాస్ సిటీ చీఫ్స్ ప్లేఆఫ్ మర్చిపోయారా? అక్కడా 13 సెకన్లే. బిల్స్ 36-33తో ముందున్నారు. వెనక్కి తగ్గి మెత్తగా ఆడారు. టైరీక్ హిల్‌కి 19 గజాలు, కెల్సీకి 25, కిక్కర్ బట్కర్ 49 గజాల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు. ఓవర్‌టైమ్‌లో 42-36తో చీఫ్స్ గెలిచారు. అప్పుడు ఇదే జనం 'బ్లిట్జ్ ఎందుకు చెయ్యలేదు' అని ఏడ్చారు.

ఇంకో మాట. 46 గజాలు పరిగెత్తి ఎండ్ జోన్‌కి చేరాలంటే రిసీవర్‌కి టైమ్ కావాలి. ఆ టైమ్ లేకుండా చెయ్యడమే బ్లిట్జ్ పని. కార్‌ని తీరిగ్గా నిలబడనిచ్చి గాల్లోకి బంతి లేపనిస్తే ఎవడి చేతికి తగిలి ఎవడి ఒళ్లో పడుతుందో దేవుడికెరుక.

కవర్2_కృష్ణ
రాంబాబు గారూ, మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. బిల్స్ ఆధిక్యం 3. చీఫ్స్‌కి ఫీల్డ్ గోల్ చాలు, అంటే 40 చిల్లర గజాలు ఇవ్వడమే అక్కడ నేరం. జెట్స్ దగ్గర ఆ గజాలకి విలువే లేదు. గడియారం ఒకటే కానీ లెక్క వేరు. బిల్స్ ముందుకొచ్చి ఒత్తిడి పెట్టాల్సింది, జెట్స్ వెనక్కెళ్లాల్సింది. ఇద్దరూ తిరగేసి చేశారు.

బెజవాడ_బ్లిట్జ్
నేను క్రికెట్ మనిషిని, తప్పైతే దిద్దండి. ఆఖరి బంతికి సిక్స్ కావాల్సినప్పుడు ఫీల్డర్లందర్నీ సర్కిల్‌లోకి పిలిచినట్టు కదా ఇది?

కవర్2_కృష్ణ
అక్షరాలా అదే తమ్ముడూ.

డాలస్_పిన్ని
మీ ఇద్దరూ 'బ్లిట్జ్ మంచిదా చెడ్డదా' దగ్గరే ఆగిపోయారు. 2025 జనవరి చూడండి, మళ్ళీ చీఫ్స్-బిల్స్. 32-29తో చీఫ్స్ ముందున్నారు, సుమారు 2 నిమిషాలున్నాయి, బిల్స్ తమ 47 దగ్గర ఫోర్త్ అండ్ 5 (ఆఖరి ప్రయత్నం). చీఫ్స్ డిఫెన్స్ కోఆర్డినేటర్ స్పాగ్నోలో బ్లిట్జ్ పంపాడు. కార్నర్ మెక్‌డఫీని ఆపేవాడే లేడు, బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ వెనక్కి పరిగెడుతూ ఎలాగోలా విసిరాడు, కిన్‌కెయిడ్ చేతికి తగిలి కింద పడింది. మొండి ధైర్యమేమీ కాదది. ఆలెన్‌కి కావాల్సింది 5 గజాలే, వెనక్కెళ్లి నిలబడితే చేతిలో పెట్టినట్టే. పైగా దెబ్బతిన్నా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌కి ఇంకా టైమ్ ఉండేది. విలియమ్స్‌కి దెబ్బతింటే మిగిలేది 5 సెకన్లు.

రూకీని తిట్టొద్దు. మ్యాచ్ అయ్యాక మన సేఫ్టీ మార్కస్ మేయే ఆ కాల్‌ని బాహాటంగా తప్పుబట్టాడు. ఇంకొకటి, హెడ్ కోచ్ ఆడమ్ గేస్ చెవికి హెడ్‌సెట్ లేదా? ఉద్యోగం మాత్రం ఒక్కడిదే పోయింది.

ఎడిసన్_జెట్స్
గేస్ మాట నిజం పిన్నీ. కావాలనే ఓడారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, మొదటి పిక్ కోసమని (అడుగున నిలిచిన జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి వంతు). నేను నమ్మను. కావాలని ఓడేవాళ్లైతే తర్వాత రామ్స్‌నీ బ్రౌన్స్‌నీ ఎందుకు కొడతారు? 2-14తో (2 గెలుపులు, 14 ఓటములు) ముగించి ఆ మొదటి పిక్ ట్రెవర్ లారెన్స్‌ని జాక్సన్‌విల్‌కి వదిలేసుకున్నారు.

రష్_రాంబాబు
సరే కృష్ణా, 4 పాయింట్ల లెక్క ఒప్పుకుంటా. కానీ బంతి 46లో కాకుండా 12 గజాల గీత మీద ఉంటే?

కవర్2_కృష్ణ
అప్పుడు నేనూ బ్లిట్జే పంపుతా. అక్కడ సేఫ్టీ వెనక్కెళ్దామన్నా జాగా ఎక్కడుంది? క్వార్టర్‌బ్యాక్ రెండు సెకన్లలోపే విసిరెయ్యాలి. 30 గజాల దగ్గరైతే మాత్రం మీతో ఇంకో రాత్రి కొట్లాడాలి.